వడ్డనకు ముందు

తెల్లవారకముందే పొయ్యి వెలిగే చోట్లు కొన్ని ఉంటాయి. ప్రభుత్వాసుపత్రి వరండాలో రోగుల తాలూకు మనుషులు ఇంకా దుప్పట్లు ముసుగుపెట్టి పడుకునే ఉంటారు. వాళ్ళ మధ్యాహ్నపు ఆకలి కోసం ఎవరో అప్పుడే బియ్యం కడుగుతుంటారు.

అన్నం పెట్టాలన్న మనసొక్కటి ఉంటే చాలదా అనిపిస్తుంది. అన్నదానం గురించి తరతరాలుగా చెప్పుకుంటున్నదంతా మనసు గురించే. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవారికీ లేదనకుండా పెట్టారని చెప్పుకుంటాం. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం ఆమె పేరు మీదే సాగుతోంది. అన్నేళ్ళు అంతమందికి వండిన చేతులకు నిప్పు దగ్గరా నీళ్ళ దగ్గరా ఎంత మెలకువ ఉండి ఉండాలి! ఆ సంగతి మాత్రం ఎవరూ కథగా చెప్పలేదు. ఏమీ జరగకపోవడమే జాగ్రత్తకు ఫలితం. జరగనిదాన్ని ఎవరు చెప్పుకుంటారు?

ఇలాంటి వంటశాలల్లో సేవకు కొత్తగా వచ్చినవారికి మొదట నేర్పేది వంట కాదు, చేతులు కడుక్కోవడం. ఉంగరాలూ గాజులూ తీసి, సబ్బు నురగతో 20 సెకన్లు. గోళ్ళ సందులు, వేళ్ళ మధ్య, బొటనవేలి మొదలు. ముప్పై ఏళ్ళు సంసారం ఈదినవాళ్ళు కూడా ఆ కుళాయి దగ్గర మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటారు. తెలిసిన పనిని తెలియనట్టు చేయడం ఎంత కష్టమో!

తరువాత గుండిగ మూత. తన వైపు అంచు ముందు ఎత్తకూడదు. అవతలి అంచు లేపితే ఆవిరి అటు పోతుంది, ముఖం దక్కుతుంది. మంట కంటికి కనిపిస్తుంది కాబట్టి భయపడతాం. ఆవిరి కనిపించీ కనిపించకుండా వచ్చి చర్మాన్ని తాకి నీరవుతుంది, అలా నీరవుతూ తనలో దాచుకున్న వేడినంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. చేయి కాలితే సిరా, టూత్‌పేస్టు పూయకూడదని, పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలని అక్కడే చెబుతారు.

సాంబారు గుండిగను ఇద్దరు పడతారు. మసిగుడ్డ పొడిగా ఉండాలి, తడిగుడ్డలోంచి వేడి ఇట్టే చేతికి తగులుతుంది. “వేడి, వేడి, తప్పుకోండి” అంటూ నడుస్తారు. దారిలో గంజి ఒలికి ఉంటే ఎవరు ఒలకబోశారని అడిగేవారుండరు. చూసినవారే తుడుస్తారు. లోకంలో ఎన్ని పనులు ఈ ఒక్క పద్ధతి లేక ఆగిపోతున్నాయో.

అన్నం దగ్గర పాఠం ఇంకా కష్టం. బియ్యంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడుకుకు చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మేలుకుని విషాన్ని తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన ఉంచాలి, లేదా పళ్ళాల్లో పలచగా పరిచి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో 5 డిగ్రీలలోపు పెట్టాలి. రెండు గంటలు బయటే ఉండిపోయినదాన్ని పారేయాలి. అన్నం పరబ్రహ్మమని పెరిగిన చేయి చెత్తడబ్బా దగ్గర తటపటాయిస్తుంది. ఆ తటపటాయింపు తప్పనిపించదు. కాని గౌరవం చూపాల్సింది మెతుకుకా, దాన్ని తినబోయే మనిషికా?

అన్నిటికన్నా కష్టమైనది రాకపోవడం. వాంతులో విరేచనాలో పట్టుకుంటే అవి తగ్గి రెండు రోజులు గడిచేదాకా వంటశాల గడప తొక్కకూడదు. శ్రావణ శుక్రవారం నాడు తన చేత్తో వడ్డించాలని ఎదురుచూసిన మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. వడ్డిస్తే దొరికే తృప్తి ఎవరిది? ఇంట్లో ఆగిపోయినవారికి పుణ్యం తక్కువా? తేల్చి చెప్పడం కష్టం. ఎవరూ చూడని చోట ఆగిపోగలగడం కూడా పెట్టడంలో భాగమేనని మాత్రం అనిపిస్తుంది.

డబ్బిచ్చి తినేవారు బాగాలేకపోతే అడుగుతారు, మరో హోటలుకు పోతారు. ఆసుపత్రి గేటు దగ్గర వరుసలో నిలబడినవారు అడగరు, పోవడానికి వాళ్ళకు మరో చోటూ లేదు. అందుకే ఊరికే పెట్టే అన్నం అమ్మే అన్నం కన్నా శుభ్రంగా ఉండాలి.