నానమ్మ మరిగించిన నీళ్లు

ఎర్రనేలల ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. మిరపతోట పక్కనే ఇల్లు, ఇంటి వెనక తాతలనాటి బావి. ఆ నీళ్లు తాగిన చుట్టాలు ఇంకో చెంబు అడిగి తాగేవాళ్లు. పెంటకుప్ప ఎప్పుడూ బావికి ఎగువన పడకూడదన్నది తాత పెట్టిన కట్టు.

తాత పోయాక కట్టూ పోయింది. తట్టలు మోసే దూరం తగ్గుతుందని రైతు కుప్పను బావి ఎగువకే మార్చాడు. తోటకు ఒక బస్తా యూరియా చాలని తెలిసీ మూడు చల్లాడు. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడింది. దారిన పోయేవాళ్లు ఆగి మెచ్చుకుంటే మరుసటి ఏడు నాలుగు చల్లాడు. మొక్క తినగలిగినంతే తిన్నది. మిగిలింది తడి పెట్టినప్పుడల్లా, వాన పడ్డప్పుడల్లా కరిగి కిందికి దిగింది. బావి నీళ్లు మాత్రం అడుగు రాయి కనబడేంత తేటగానే ఉన్నాయి. రంగు మారలేదు, వాసన రాలేదు, తీపి తగ్గలేదు.

కొన్నేళ్లకు ఆ ఇంట మనవడు పుట్టాడు. తల్లికి పాలు చాలక డబ్బాపాలు పట్టారు. రెండో నెలలో పిల్లవాడి పెదవులు, గోళ్ల మొదళ్లు నీలంగా తిరిగాయి. నీళ్లు సరిగా కాగలేదేమోనని నానమ్మ భయపడింది. అప్పటినుంచి చెంబెడు నీళ్లు సగం చెంబు అయ్యేదాకా మరిగించి, పలచని గుడ్డలో వడగట్టి, మణికట్టు మీద చుక్క వేసి వేడి చూసుకుని మరీ పాలు కలిపేది. ఆమె ఎంత శ్రద్ధ పెడితే పిల్లవాడు అంత నీలమయ్యాడు.

పట్నం ఆసుపత్రిలో తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. డాక్టరు నరంలోకి మందు ఎక్కించి పిల్లవాణ్ని దక్కించాడు. బావి నీళ్లు పరీక్షకు పంపమన్నాడు. యూరియా నుంచీ పెంట నుంచీ దిగే నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, అందులో 130 తేలింది. మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, నైట్రేటు కాదు. చెంబెడు సగమయ్యేసరికి, ఆ సగంలో విషం రెండింతలు చిక్కబడింది.

రైతు ఆ సాయంత్రమే పెంటకుప్ప ఎత్తించాడు. యూరియా ఒక్క బస్తాకు దించి, అదీ మూడు దఫాలుగా వేశాడు. అయినా బావి ఆ ఏడు మారలేదు, మరుసటి ఏడూ మారలేదు. పిల్లవాడు బడికి వెళ్లే వయసు వచ్చేదాకా వాడి నీళ్లు రెండు మైళ్ల అవతలి నుంచి బిందెలో వచ్చాయి.

నీతి: పొలంలో చేసిన తప్పును పొయ్యి మీద దిద్దుకోలేం, చేను అడగకపోయినా మనం చల్లినదాన్ని చివరికి ఇంట్లో అందరికంటే చిన్న నోరు తాగుతుంది. డబ్బాపాలు తాగే బిడ్డ ఉన్న ఇంట బావి నీళ్లయినా, బోరు నీళ్లయినా తేటగా ఉన్నాయని నమ్మకండి, కాచామని ధీమా పడకండి. ముందు నైట్రేటు పరీక్ష చేయించండి.