మూడో అంగడి తెరిచే ముందు

నాయనా, నంద్యాలలో మీ నాన్న నిలబెట్టిన అంగడి నీ చేతికి వచ్చింది. ఆళ్లగడ్డలో రెండోది తెరిచావు. ఇప్పుడు కోయిలకుంట్లలో మూడోదానికి చోటు చూస్తున్నావు. పెరగాలనుకోవడం తప్పు కాదు. అయితే పెరిగేవాడికి ఒక ధర్మం ఉంది. అది విని ముందడుగు వెయ్యి.

మీ నాన్నకు ఉన్నది ఒక్క అంగడి. ఏ అరలో ఏ సరుకు అడుగంటిందో, ఏ రైతు బాకీ ఏ పంటకు తీరుతుందో ఆయనకు చూపులోనే తెలిసేది. రాత్రి చిట్టా, ఆవర్జా సరిచూసుకుని గానీ తాళం వేసేవాడు కాదు. 40 కిలోమీటర్ల అవతలి ఆళ్లగడ్డ అరలను నువ్వు కళ్లతో చూడలేవు. వాటిని నీకు చూపేది లెక్క ఒక్కటే. ఆ లెక్క అబద్ధమైతే నష్టపోయేది నువ్వొక్కడివే కాదు, నీ జీతం మీద బతికేవాళ్లూ, నిన్ను నమ్మి సరుకు అప్పిచ్చినవాళ్లూ.

1997లో చెన్నైలో పుట్టిన సుభిక్ష దుకాణాలు దేశమంతటా 1,600 వరకూ పెరిగాయి. 2009 నాటికి మూతపడ్డాయి. అప్పుతో విస్తరించారు, చేతిలో రొక్కం అడుగంటింది, జీతాలూ అద్దెలూ నిలిచిపోయాయి. ఎన్ని అంగళ్లు ఉన్నాయన్నది ఎదుగుదలకు గుర్తు కాదని అది చూసైనా తెలుసుకో.

లెక్క ఎక్కడ తప్పుతుందో చూడటానికి ఒక్క బియ్యం బస్తానే తీసుకుందాం. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకూ కట్టి, పేరు ముద్రించి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది. అంతకు మించిన బస్తాకు లేదు. అందుకే మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు వస్తున్నాయి. ఇప్పుడు నీ నంద్యాల కంప్యూటర్‌లో ఒక బస్తా పేరు ‘నంద్యాల సోనా 25’, ఆళ్లగడ్డలో అదే సరుకు ‘కర్నూలు సోనా బ్యాగ్’ అని ఉందనుకో. రద్దీవేళ ఈ పేర్ల గందరగోళంలో కౌంటరులోని పిల్లవాడు 26 కిలోల బస్తాను 25 కిలోల కోడు మీద కొట్టేస్తాడు. వాడుకదారు కట్టనక్కరలేని పన్ను కడతాడు. నెలాఖరున స్టాకు చూస్తే ఒక చోట బస్తాలు మిగులు, మరో చోట తక్కువ. గోడౌనులో ఉన్న కుర్రవాణ్ణి నిలదీస్తారు. నీ సరుకుల పేర్ల పట్టికలోని తప్పుకు ఒక పేదవాడి మీద దొంగ అన్న ముద్ర పడితే, ఆ పాపం నీది కాక ఎవరిది?

కాబట్టి సరుకుకు ఒకే పేరు, ఒకే నంబరు, అన్ని అంగళ్లకూ ఒకే పట్టిక. అందులో కొత్త సరుకు చేర్చే అధికారం ఒక్క మనిషికే ఉండాలి. ఆ మనిషి పేరు అందరికీ తెలియాలి. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టక ముందే రాతి మీద కొలతల గీతలు గీస్తాడు. గీత తప్పిందా, తరువాత ఎంత నేర్పుగా చెక్కినా రూపం కుదరదు. నీ సరుకుల పట్టిక ఆ గీత. రంగురంగుల డ్యాష్‌బోర్డులు చూపించి అమ్మేవాళ్లు నీ గుమ్మానికి వస్తారు. పట్టిక కుదిరేదాకా వాళ్లను కూర్చోబెట్టకు.

ఆ పైన, పాతది చెరపకు. వ్యాపార లెక్కలను ఒక చోట దాచే పద్ధతి మీద రాసిన డేటా వేర్‌హౌస్ గ్రంథంలో రాల్ఫ్ కింబాల్ అంగడి అమ్మకాలనే ఉదాహరణగా తీసుకుని, బిల్లులోని ఒక్కో వరుసనూ విడిగా దాచుకోమన్నాడు. రోజు మొత్తం మాత్రమే దాచినవాడికి, ఏ సరుకు దేనితో కలిసి అమ్ముడైందో మళ్లీ ఎప్పటికీ తెలియదు. 2025 సెప్టెంబరు 22న సబ్బు, షాంపూ, తలనూనెల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటు మీదే కొత్త రేటు దిద్దేస్తే నిరుటి లాభం కూడా తప్పుగా కనిపిస్తుంది. పాత రేటూ కొత్త రేటూ రెండూ, ఏది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నడిచిందో దానితో సహా ఉండాలి.

సరుకుల పట్టికలాగే తేదీలకూ ఒక పట్టిక పెట్టి, అందులో తిథికీ చోటివ్వు. 2025లో ఉగాది మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. అహోబిలం బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి గనుక ఒక ఏడు ఫిబ్రవరిలోకి, ఒక ఏడు మార్చిలోకి జరుగుతుంటాయి. ఆ జనం ఆళ్లగడ్డ మీదుగా వెళ్లేవాళ్లే. మార్చిని మార్చితో పోల్చి అమ్మకం పడిపోయిందని అక్కడి మేనేజరును దండించకు.

యంత్రాల విషయానికి పెద్ద హంగు వద్దు. రెండు అంగళ్లకు అద్దె క్లౌడ్‌లో ఒక మోస్తరు డేటాబేస్ చాలు. బిల్లులు కొట్టే సర్వరు మీద మాత్రం రిపోర్టులు నడపకు. పండుగనాడు కౌంటరు ఆగిపోతుంది. రాత్రి అంగడి కట్టాక బిల్లులన్నీ ఒక చోటికి చేరాలి. నెట్ పోయినా బిల్లు ఆగకూడదు, తరువాత చేరినప్పుడు రెండుసార్లు పడకూడదు. అందుకు ఒక్కో అంగడికి ఒక్కో బిల్లు వరుస పెట్టు. జీఎస్టీ నియమం కూడా వరుస తప్పవద్దనీ, నంబరు 16 అక్షరాలు మించవద్దనీ అంటుంది. బ్యాకప్ తీశామంటే నమ్మకు. తిరిగి తెరిచి చూపించమను.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నీ నడవడి. లెక్కను యంత్రం కంటే యజమాని కోపమే ఎక్కువ చెడగొడుతుంది. ఆళ్లగడ్డ నుంచి తరుగు ఎక్కువ చూపించిన నెలలో నువ్వు అరిచావంటే, వచ్చే నెల తరుగు తగ్గదు, రాయడం తగ్గుతుంది. ఎలుక కొరికిన కందిపప్పు సంచి, గడువు దాటిన పాలపొడి డబ్బా అరల వెనక్కి పోతాయి. నీ తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనాన్ని నమ్మి నువ్వు మళ్లీ అదే సరుకు తెప్పిస్తావు. చెడు వార్త తెచ్చినవాడికి నీ దగ్గర భయం లేకుండా చెయ్యి. తరుగు ఉన్నదున్నట్టు రాసినవాణ్ణి పదిమందిలో మెచ్చుకో. ఇది ఏ కంపెనీ నీకు అమ్మగలిగింది కాదు.

వాడుకదారు ఫోను నంబరు నీ దగ్గర దాచిన సొమ్ము. బిల్లుకు నంబరు ఇచ్చి తీరాలని అడగకు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. చట్టం లేకపోయినా, పప్పు కొన్న అమ్మ నంబరును అప్పులిచ్చేవాడి చేతిలో పెట్టడం నమ్మకద్రోహమే.

ఈ లెక్కల పద్ధతిని సంక్రాంతి నుంచి ఉగాది దాకా రెండు అంగళ్లలోనే నడిపి చూడు. ప్రతి ఉదయం బిల్లుల మొత్తాన్ని రొక్కం, యూపీఐ, కార్డులతో పోల్చు. తేడా వస్తే ఆ రోజే కారణం కనుక్కుని రాయించు. వారానికో అర ఎంచుకుని, నువ్వే ఆళ్లగడ్డ వెళ్లి సరుకు లెక్కపెట్టు. తెర మీది అంకే నీ చేతికీ వరుసగా తగులుతున్నదని రూఢి అయ్యాక, కోయిలకుంట్ల అద్దె కాగితం మీద సంతకం పెట్టు.