ఇంకా లేని మాల్ పక్కన ఇల్లు

హైదరాబాద్‌లో ముంబై హైవే దిగి చందానగర్ కాలనీల్లోకి ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే, ఏజెంటు వంటగది కంటే ముందు బాల్కనీ చూపిస్తాడు. ఎదురుగా రేకుల కంచె వేసిన ఖాళీ జాగా, అందులో సర్కారు తుమ్మ, ఓ మూల నల్లబండ. "ఇక్కడ మాల్ వస్తోంది సార్. పునాది పడిందంటే ఈ రేటుకి మళ్లీ దొరకదు" అంటాడు. ఆ ఒక్క మాటతో చదరపు అడుగు ధర కొంత పైకి జరుగుతుంది. కొనేవాడు అదనంగా ఇచ్చే ఆ సొమ్ము ఇంటి గోడలకు చెందదు, ఎదుటి జాగాలో ఇంకా లేని భవనానికి చెందుతుంది. లేనిదానికి వెల కట్టవచ్చా? కడితే ఏ ఆధారంతో? లోను ఎంత వస్తుందన్న లెక్క కంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. మన తార్కికులు దీన్ని చాలా లోతుగానే తవ్వారు.

17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రదేశం వాడు. ఇప్పటికీ తర్కం నేర్చుకునే పిల్లలు ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. అందులో "లేకపోవడం" కూడా ఒక పదార్థమే. దానికి నాలుగు రకాలు. మొదటిది ప్రాగభావం: కుండ పుట్టకముందు మట్టిలో కుండ లేకపోవడం. దానికి మొదలు లేదు, కుండ పుట్టిన క్షణాన అంతమైపోతుంది. "ఇక్కడ కుండ తయారవుతుంది" అన్న ఎరుకకు ఈ ప్రాగభావమే ఆధారమంటారు. ఏజెంటు అమ్ముతున్నది సరిగ్గా దీన్నే. అయితే ఇక్కడో చిక్కుంది. ఒక లేమిని ప్రాగభావం అనాలంటే ఆ వస్తువు ఎప్పటికైనా పుట్టి తీరాలి. మాల్ లేచాక వెనక్కి తిరిగి చూస్తే ఆ ఖాళీ మాల్‌కు ప్రాగభావమని చెప్పొచ్చు. లేవకపోతే అది ఉత్త ఖాళీయే. ఈ రోజు బాల్కనీలో నిలబడిన మనిషికి ఆ రెండు ఖాళీలూ ఒక్కలాగే కనిపిస్తాయి. కంటికి తేడా తెలియనప్పుడు మిగిలేది ఇతరుల మాట.

ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పక్కనున్న మియాపూరే సాక్ష్యం. 2008లో హైదరాబాద్ మెట్రో టెండరును మైటాస్ కూటమి గెలుచుకుంది. ప్రభుత్వం ఇచ్చే సాయం అక్కర్లేదు, ఎదురు తామే 30,311 కోట్లు ఇస్తామని ముందుకొచ్చింది. 2009 జనవరిలో, మైటాస్ వెనకున్న కుటుంబమే నడిపిన సత్యం కంపెనీలో కుంభకోణం బయటపడింది, జులైలో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో పని ఎల్ అండ్ టీ చేతికి వెళ్లింది. మియాపూర్ నుంచి మొదటి రైలు కదిలింది 2017 నవంబరులో. మెట్రో వస్తుందన్న మాట అబద్ధం కాలేదు, కానీ తొమ్మిదేళ్లు పట్టింది. 2008లో ఆ మాట నమ్మి, వాయిదాలు కట్టలేక మధ్యలోనే అమ్ముకున్న వాడికి ఆ నిజం వల్ల ఒరిగిందేముంది? ఇప్పుడు మియాపూర్ నుంచి చందానగర్ మీదుగా పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్ల మెట్రో ప్రతిపాదన ఉంది. అదీ బాల్కనీల్లో అమ్ముడవుతూనే ఉంది.

మాట ప్రమాణం కావాలంటే అది ఆప్తుడిది కావాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని తర్కశాస్త్రం అంటుంది. చుట్టమా స్నేహితుడా అన్నది అది పట్టించుకోదు. అమ్మితేనే కమీషన్ వచ్చేవాడు ఎంత మంచివాడైనా ఈ విషయంలో ఆప్తుడు కాలేడు. కాగితాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, అయితే ఏ కాగితం ఏం చెబుతుందో చూడాలి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఆ జాగా కమర్షియల్ జోన్ అని ఉంటే అక్కడ మాల్ కట్టుకోవచ్చని అర్థం, కడతారని కాదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) తప్పుడు ప్రకటన నమ్మి డబ్బు కట్టినవారికి పరిహారం ఇమ్మంటుంది. బాల్కనీలో నోటితో అన్న మాటను ఏ ప్రకటన కింద నిరూపించగలం?

ఇక మాల్ నిజంగానే వచ్చిందనుకుందాం. నా వాదన అసలు ఇక్కడే ఉంది. మాల్ వల్ల వచ్చే లాభం ఇల్లు అమ్మి వెళ్లిపోయేవాడిది, కష్టం ఉండిపోయేవాడిది. ధర పెరిగిన ఫలం చేతికి రావాలంటే ఇల్లు వదలాలి. కష్టం మాత్రం తవ్వకం మొదలైన రోజునే గడప తొక్కుతుంది. ఈ నేల రాతినేల. రెండు మూడు సెల్లార్లు దిగాలంటే నెలల తరబడి బండ కొట్టాలి, పేలుళ్లకు కిటికీ అద్దాలు జలజలమంటాయి. కట్టడం అయ్యాక వెనక గేటు దగ్గర అర్ధరాత్రి సరుకు లారీలు రివర్స్ తీసుకునే కూత, కరెంటు పోతే జనరేటరు హోరు. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం రాత్రివేళ నివాస ప్రాంతానికి 45 డెసిబెల్స్ హద్దు, వాణిజ్య ప్రాంతానికి 55. ఆ పది తేడాకు శబ్దశక్తి పదింతలు. సింహద్వారం దిక్కు కోసం సిద్ధాంతిని పిలిచేవారు కూడా తూర్పున ఎంత ఎత్తు లేస్తుందో అడగరు, ఉదయపు ఎండ పోయేది అక్కడే అయినా. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం వెలుతురు మీద హక్కు పుట్టాలంటే ఇరవై ఏళ్లు అడ్డులేకుండా అనుభవించి ఉండాలి. కొత్త ఫ్లాటుకు ఆ హక్కెక్కడిది? గృహస్థు అన్న మాటకు అర్థమే ఇంట్లో ఉండేవాడు అని. ఒకే ఇంటికి గృహస్థుగానూ, లాభం చూసి దాటిపోయేవాడుగానూ ఉండాలనుకోవడంలోనే లెక్క తప్పుతోంది.

1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచినప్పుడు కొండాపూర్, మాదాపూర్‌లలో ధైర్యం చేసినవారు బాగుపడలేదా అని అడగొచ్చు. బాగుపడ్డారు. కానీ వాళ్లలో చాలామంది కొన్నది ఖాళీ స్థలం. అందులో నిద్రపోవాల్సిన పసిపిల్ల లేదు. పైగా మనకు వినిపించేవి నిలిచినవారి కథలే. దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటి: ఫలం మీద ఆశ వదిలి పని చేయమన్నది గీత, మరి ఇన్ని లెక్కలెందుకు? అదే గీత 18వ అధ్యాయంలో, తర్వాత వచ్చే పర్యవసానం, నష్టం, హింస, తన శక్తి చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పనిని తామసం అంది. ఫలాన్ని ఆశించకపోవడం వేరు, ఫలితాన్ని విచారించకపోవడం వేరు. మూడో మాట నన్ను నిజంగా ఆపింది. గచ్చిబౌలిలో కొనలేని మధ్యతరగతి కుటుంబానికి చందానగరే అందుబాటు; ఇలాంటి జాగాల పక్కన తప్ప మరోచోట దొరకదు. వాళ్లను కొనొద్దనడం నాకు చేతకాదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్, బడి, కూరగాయల బజారు ఈ రోజు ఉన్నవి; వాటికి వెల కట్టవచ్చు.

కాబట్టి బేరం ఆడేటప్పుడు ఎదుటి జాగాలోని లాభానికి సున్నా వేసి, కష్టానికి పూర్తి వెల వేయాలని నేనంటాను. ఇది ఏకపక్షంగా కనిపిస్తుంది, కానీ ఆ ఇంట్లో పడుకునేవాడి పక్షం అది. సరుకు గేటు ఏ వైపు, సెల్లార్ ర్యాంపు ఎక్కడ, జనరేటరు ఏ మూల అని అడిగితే చూపించడానికి మంజూరైన ప్లాను ఉండాలి. "ఇంకా ప్లాన్ పెట్టలేదు సార్" అన్న జవాబు వస్తే, మాల్ పేరుతో కలిపిన ఆ అదనపు రేటును అక్కడికక్కడే కొట్టేయమని అడగాలి.