కనబడని ఋణము

సూరతు నగరము దాటి కొంత దూరము పోయినయెడల తపతీ నది నీటితో తడిసిన నల్లరేగడి చేలు కనబడును. ఒకప్పుడు ప్రత్తికిని, నేడు విశేషముగా చెరకునకును ఈ ప్రాంతము పేరుపొందినది. ప్రపంచములో వాణిజ్య సేద్యమునకు విడుదలైన మొదటి సంకర ప్రత్తి 'హైబ్రిడ్-4', 1970లో సూరతు పరిశోధనా క్షేత్రమునుండియే సి.టి. పటేల్ గారి కృషి ఫలితముగా రైతుల చేతికి వచ్చినది.

అట్టి చేలో ఒక ప్రత్తి మొక్కను పెరికి చూడుడి. కాండము, ఆకులు, కాయలు, వేరు కనబడును. "ఇది తన వేళ్లతో తాను బ్రదుకుచున్నది" అని మనము తలంతుము. అది సగము సత్యము మాత్రమే. మిగిలిన సగము మన కంటికి కనబడదు.

నల్లరేగడిలో భాస్వరము లేకపోలేదు. గాని అందులో అధిక భాగము సున్నముతో బంధింపబడి యుండును. నీటితో కదలి వేరు యొద్దకు రాదు. వేరు తన చుట్టునున్న కొద్దిపాటి మట్టిలోని భాస్వరమును త్వరలోనే పీల్చివేసి, సమృద్ధి నడుమ ఆకలిగొని నిలుచును. అప్పుడు దానికి సహాయము చేయునది ఒక శిలీంధ్రము. మిల్లీమీటరులో నూరవ వంతుకంటెను సన్నని తంతువులతో అది వేరులోనికి చొచ్చి, వెలుపల వేరు చేరలేని మట్టి సందులలో ప్రాకి, భాస్వరమును తెచ్చి మొక్కకిచ్చును. దానికి ప్రతిగా మొక్క, ఆకులలో సిద్ధపరచిన చక్కెరలను, క్రొవ్వులను శిలీంధ్రమునకు పంచును. తాను తయారుచేసిన ఆహారములో నూటికి నాలుగు మొదలు ఇరువది పాళ్ల వరకు ఇట్లు వేరు క్రిందికి పంపునని శాస్త్రజ్ఞుల అంచనా. చెట్ల వేళ్లలో ఇట్టి కలయికను పరిశీలించిన జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ 1885లో దీనికి 'మైకోరైజా' అని పేరిడెను. గ్రీకు మాటలలో దాని అర్థము శిలీంధ్రపు వేరు. ఆవాలు, క్యాబేజీ, పాలకూర వంటి కొన్ని కుటుంబములు తప్ప, నేలమీది మొక్కల జాతులలో మూడింట రెండు వంతులకు మించి ఇట్టి సహవాసములోనే బ్రదుకుచున్నవి.

ఈ సంగతి నా మనస్సులో మెదలుచుండగా ఒక సాయంకాలము నేను సూరతులోని ఉధనా ప్రాంతమున ఒక తెలుగు నేతగాని యింటికి పోయితిని. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన కుటుంబములు ఆ నగరములో అనేకములు గలవు. నగర పురపాలక సంస్థ వారి పిల్లల కొరకు తెలుగు మాధ్యమ పాఠశాలలను నడపినది. ఆ గృహస్థుడు కూలికి వచ్చి, కాలక్రమమున కొన్ని పవర్‌లూములకు యజమానుడైనాడు. "నేను ఎవరికిని ఋణపడలేదండీ, ఇదంతయు నా రెక్కల కష్టమే" అని నాతో చెప్పెను. ఆ ఉదయముననే స్వగ్రామమునుండి వచ్చిన ఒక బాలుడు, పని దొరకువరకు తల దాచుకొన చోటడుగగా, లేదని పంపివేసెనట.

మూల కూర్చున్న అతని ముసలి తల్లి తలయెత్తి, "నువ్వు అచ్చిననాడు ఎవలింట్ల పండుకున్నవు బిడ్డా? తెగిన పోగు అతుకుడు నీకు ఎవలు నేర్పిండ్రు? ప్లేగు అచ్చి అందరు ఉరికినప్పుడు నీ అర్రకు తాళమేసి కావలి ఉన్నదెవలు?" అని అడిగెను. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముతో లక్షలాది జనులు సూరతును విడిచి పోయిన దినములను ఆమె జ్ఞాపకము చేసెను. కుమారుడు బదులు పలుకలేదు. నేనును పలుకలేకపోతిని, ఏలయనగా ఆ ప్రశ్న నాకును తగిలినది.

పరుల సహాయమున బ్రదుకుట అవమానమా? అవమానమని తలంచుట చేతనే మనము పొందిన మేలును మరచిపోవుదుము. కొందరు, "మొక్కకు శిలీంధ్రమునకు నడుమ జరుగునది బేరమే గాని ప్రేమ కాదు" అందురు. అది నిజమే. వాటికి మనస్సు లేదు. నేలలో భాస్వరము విస్తారముగా వేసినయెడల మొక్క ఆ శిలీంధ్రమునకు తన తలుపు మూసివేయును. కావున ప్రకృతి మనకు ధర్మశాస్త్రము కాదు. కలిమి వచ్చినప్పుడు తలుపు మూయుటను మనము దానియొద్ద నేర్చుకొనరాదు. అయితే ఒక అబద్ధమును మాత్రము అది ఖండించుచున్నది. బలవంతుడనగా ఒంటరిగా నిలిచినవాడు అనునదే ఆ అబద్ధము.

ఆర్కిడ్ విత్తనము ధూళివలె నుండును. దానిలో నిలువచేసిన ఆహారము లేదు. శిలీంధ్రము పోషింపనిదే అడవిలో అది మొలకెత్తదని 1899లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డ్ కనుగొనెను. ఇచ్చుటకు ఏమియు లేని దినమున అది పుచ్చుకొనుచున్నది. ఆకులు తొడిగిన పిమ్మట కొన్ని జాతులు తిరిగి ఇచ్చును. మనలో ప్రతివాడును అట్లే బ్రదుకు నారంభించినవాడు కాడా?

ఇచ్చువాడు సహితము గర్వింప వీలులేదు. ఆస్ట్రేలియా దేశపు క్వీన్స్‌లాండ్‌లోని నల్లనేలలలో రైతులు చేలను దీర్ఘకాలము బీడుపెట్టినప్పుడు, తరువాతి పైరు గిడసబారెను. వేళ్లు లేనందున శిలీంధ్రములు క్షీణించినవని 1987లో జె.పి. థామ్సన్ వివరించెను. పుచ్చుకొను వేరు లేనిచోట ఇచ్చు తంతువు కూడ నశించును.

మొక్క తన ఋణమును ఎరుగదు, మనుష్యుడు ఎరుగగలడు. ఎరిగినవానికి బాధ్యత గలదు. మనకు చోటిచ్చినవారిలో అనేకులు నేడు లేరు, వారికి తీర్చలేము. అయినను తలుపునొద్ద నిలిచినవానికి తీర్చవచ్చును.

నేను సెలవు పుచ్చుకొనుచుండగా ఆ గృహస్థుడు చెప్పులు తొడిగి నాతో బయలుదేరెను. "ఆ పోరడు స్టేషను కాడనే ఉంటడు" అనెను. మేము బజారు మలుపున విడిపోయితిమి. అతడు స్టేషనువైపు వేగముగా నడచెను. ప్రియ చదువరీ, ఈ దినమున నీ తలుపునొద్ద నిలిచి మరలిపోయినవాడు ఎవడు?