తప్పు తర్వాత

తప్పు చేసే హక్కు ఆడవాళ్ళకి ఉందా? చాలా ఏళ్ళుగా తరగతి గదిలో నేను అడుగుతున్న ప్రశ్నే. అది నా వైపు తిరిగింది మాత్రం పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాక.

పరిశోధన కోసం కథల్లో మాటలు లెక్కపెట్టాల్సి వచ్చి, 1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ ప్రోగ్రామింగ్ భాష జోలికి వెళ్ళాను. అందులో ఇంటరాక్టివ్ షెల్ అని ఒకటుంది. తెర మీద మూడు బాణం గుర్తులు కనిపిస్తాయి. వాటి పక్కన ఒక్క వాక్యం రాసి ఎంటర్ నొక్కితే షెల్ దాన్ని చదివి, అమలుచేసి, ఫలితం చూపించి, మళ్ళీ మన కోసం ఎదురుచూస్తుంది. ప్రోగ్రాం అంతా ముందే రాసి పెట్టుకోనక్కర్లేదు.

కావాలనే, ఒకటిని సున్నాతో భాగించమన్నాను. అలా కుదరదని ఎర్రర్ వచ్చింది. దాని కిందే మళ్ళీ మూడు బాణాలు. అంతకుముందు నేను పేర్లు పెట్టి దాచుకున్న విలువలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏ పొరపాటు జరిగిందో చెప్పింది, అంతే. మన ఇళ్ళల్లో కూర మాడితే మాట కూరతో ఆగుతుందా? పెంపకం దాకా పోతుంది.

తర్వాత 0.1కి 0.2 కలిపాను. 0.30000000000000004 అంది. కంప్యూటర్ సంఖ్యల్ని ద్విసంఖ్యా పద్ధతిలో దాచుకుంటుంది. ఒకటిని మూడుతో భాగిస్తే మనకి దశాంశాలు తెగనట్టే, దానికి 0.1 తెగదు. తన పరిమితిని అలా బయటపెట్టుకున్న ఆ చివరి 4 నాకు భలే నచ్చింది.

అలాగని షెల్‌లో ఏం చేసినా ఫర్వాలేదనుకోకూడదు. ఫైలు తీసెయ్యమంటే మారు అడక్కుండా నిజంగానే తీసేస్తుంది. స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన పర్యవసానం తప్పదు. అయితే ఆ పర్యవసానం చేసిన పనికి ఉండాలి, మనిషి మీద ముద్రై మిగలకూడదు.

ఇది రాస్తుంటే ఒకమ్మాయి గుర్తొస్తోంది. సెమినార్‌లో ఒక కథని తప్పుగా అన్వయించింది. "చదవకుండా వచ్చేస్తారు" అన్నాను అందరిముందూ. ఎక్కడ పొరబడిందో చెప్పనేలేదు. ఆ సెమిస్టర్‌లో ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పలేదు. అదే పొరపాటు ఒక అబ్బాయి చేస్తే "ఇంకోసారి చూడు" అని ఉండేదాన్నేమో!

ఇప్పుడు ఎవరైనా తడబడితే ఎక్కడ తడబడ్డారో మాత్రమే చెప్తున్నాను. చెప్పి కాసేపు ఊరుకుంటున్నాను, వాళ్ళు ఇంకో వాక్యం మొదలుపెట్టేదాకా. అలా ఊరుకోవడం నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు.