పిల్లవాని పొదుపు ఎవరి సొమ్ము?

పొదుపు మంచిదని పిల్లలకు బోధింపని పెద్దలుండరు. అయితే పదునాలుగేండ్ల బాలుడో బాలికయో పండుగలకు చేతిలో పడిన రూపాయలు కూడబెట్టి, "వీనిని ఎక్కడ దాచవలెను?" అని యడిగినప్పుడు మనలో పలువురము తడుముకొందుము. ప్రశ్న చిన్నదే గాని, దానిలోని ధర్మము చిన్నది కాదు.

ఇంటిలో దాచుమందుమా? మన్నాఏఖేళ్ళి వంటి యూళ్ళలో తరతరములుగా నున్న మన కుటుంబములకు దీనిని గూర్చి చరిత్రయే పాఠము చెప్పినది. బీదరు సీమ నిజాము రాజ్యములో నుండగా ఇచట నడచినది హాలీ సిక్కా; ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు మారకము. 1956లో ఈ జిల్లా మైసూరు రాష్ట్రములో చేరెను. 1959తో హాలీ సిక్కా చెల్లుబాటు ముగిసెను. మరల 2016 నవంబరు 8వ తేదీన అయిదువందల, వేయి రూపాయల పాత నోట్లు రద్దయ్యెను. గల్లగురిగి పిల్లలకు మంచి తొలిబడియే గాని, అందులోని సొమ్ము పెరుగదు. ధరలు పెరిగిన కొలది దాని విలువ తరుగును.

ఎక్కువ వడ్డీ యిచ్చువారి కిత్తుమా? 2015 ప్రాంతమున పెద్ద కేసైన అగ్రిగోల్డు వ్యవహారములో తెలుగు రాష్ట్రములవారే గాక కర్ణాటకమువారును చిక్కుకొనిరి. లక్షలాది డిపాజిటుదారులు తమ సొమ్ముకై ఏండ్ల తరబడి ఎదురుచూడవలసి వచ్చెను. అత్యాశకు మూల్యము చెల్లించువారిలో చిన్న మొత్తములు దాచుకొన్నవారే యెక్కువ.

కావున పిల్లవాని సొమ్మునకు పోస్టాఫీసు గాని, బ్యాంకు గాని తగిన చోటు. పది సంవత్సరములు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరనే సేవింగ్సు ఖాతా తెరచి, తామే నడుపుకొనవచ్చును, మొదట రూ. 500 చాలును. బ్యాంకులును తమ నియమములకు లోబడి ఇట్టి ఖాతాల నీయవచ్చునని రిజర్వు బ్యాంకు 2025లో మరల స్పష్టపరచినది. బ్యాంకు డిపాజిట్లకు రూ. 5 లక్షల వరకు బీమా కలదు. పోస్టాఫీసు సొమ్మునకు ప్రభుత్వమే పూచీ. నెలకు రూ. 100 చొప్పున అయిదేండ్లు రికరింగు డిపాజిటులో వేసినచో అసలే రూ. 6,000 అగును, వడ్డీ అదనము. వాటాలు మొదలగునవి పదునెనిమిదేండ్లు నిండి, లాభనష్టములు తెలిసిన పిమ్మట చూచుకొనవచ్చును.

ఇంతటితో ప్రశ్న తీరలేదు. పాసు పుస్తకము పిల్లవాని పేర నున్నను, ఇంట అవసరము కలిగినప్పుడు వాని నడుగకయే ఆ సొమ్ము తీయుట మన యిండ్లలో అరుదు కాదు. "వాని అన్నము, బట్ట మనవి కాగా, వాని డబ్బు మాత్రము మనది కాదా?" అని వాదించువారును గలరు. ఈ వాదమును తేలికగా తోసివేయలేము. తల్లి జబ్బుపడినప్పుడు నా ఖాతా నాదేయను బిడ్డను మనము కోరము. అయితే అడిగి తీసికొనుట వేరు, అడుగక తీసికొనుట వేరు. అడిగినప్పుడు బిడ్డ ఇంటి కష్టములో భాగస్వామి యగును. అడుగనప్పుడు, దాచినది దక్కదను పాఠము నేర్చును. అట్లు నేర్చినవాడు చేతికి వచ్చినది వెంటనే ఖర్చు చేయును, లేదా మనకు తెలియని చోట దాచును. మోసగాండ్రకు సులువుగా దొరకువాడు వాడే.

కావున తీసికొన్న మొత్తమును, తేదీని వాని ముందే వ్రాసి, చెప్పిన గడువునకు తిరిగి జమ కట్టవలెను. సాటివారికిచ్చిన మాటకు విలువ గలదని నమ్మెడు మనము, బిడ్డకిచ్చిన మాటకు తక్కువ విలువ కట్టుట న్యాయము కాదు. అట్లే, పుస్తకమునకో, ఆపదలోనున్న స్నేహితునికో వాడు కొంత వెచ్చింపగోరినచో అడ్డు చెప్పరాదు. ఖర్చు చేయు స్వేచ్ఛ లేని సొమ్ము వానిది కానేరదు.

మన యిరుగుపొరుగు కన్నడిగులు పొదుపును 'ఉళితాయ' యందురు. 'ఉళి' యనగా మిగులుట. పదునెనిమిదవ యేట బిడ్డ చేతిలో మిగులు మొత్తము స్వల్పమే కావచ్చును. దానితోపాటు మన మాటపై వాని నమ్మకమును మిగిలినచో, ఆ సొమ్మును సరియైన చోటనే దాచితిమని భావింపవచ్చును.