కనబడని మచ్చ, చేయని పాపం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఒక బిడ్డకు ఫిట్స్ వస్తే గాలి సోకిందనో, ఎవరి ఉసురో తగిలిందనో, తల్లిదండ్రులు చేసుకున్న పాపమనో అనేవాళ్లు ఇంకా ఉన్నారు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట ఎమ్మారై తీయించి, ఫిల్ములో మచ్చ కనబడితే ఆ మాటలు కొంత సద్దుమణుగుతాయి. కనబడకపోతే మాత్రం ‘స్కానింగులో కూడా ఏమీ లేదన్నారంట’ అన్న ఒక్క ముక్కతో నింద మళ్లీ గడప తొక్కుతుంది. మచ్చ ఉంటే రోగం, లేకుంటే కర్మ అన్న ఈ లెక్క మొదటికే తప్పు. ఫిల్ము చికిత్సకు దారి చూపించాలి గానీ, మనిషి పాపపుణ్యాలు తేల్చే పని దానికి అప్పగించకూడదు.

ఆ లెక్కలోని తప్పును కొత్త పరిశోధనలే బయటపెడుతున్నాయి. మందులకు లొంగని మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా ఒకటి. 1971లో టేలర్ బృందం దీన్ని వర్ణించింది. బిడ్డ కడుపులో ఉండగానే మెదడు పైపొరలో ఒకచోట కణాల అమరిక చెదురుతుంది. పొర మొత్తం మందమే రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. లోపమున్న చోట అది కాస్త మందమెక్కవచ్చు, బూడిదరంగు పదార్థానికీ తెల్ల పదార్థానికీ మధ్య హద్దు మసకబారవచ్చు. అనుభవమున్న రేడియాలజిస్టు కంటిని కూడా అది దాటిపోగలదు. లండన్ పరిశోధకుల నాయకత్వంలో తయారైన మెల్డ్ గ్రాఫ్ అనే కృత్రిమ మేధ సాధనం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. 23 మూర్ఛ చికిత్సా కేంద్రాల నుంచి వచ్చిన 1,185 మంది స్కాన్లతో చేసిన ఆ అధ్యయనంలో, అంతకుముందు రేడియాలజిస్టులకు చిక్కని లోపాల్లో 64 శాతాన్ని ఆ సాధనం పట్టుకుంది. అంటే ‘ఏమీ లేదు’ అనిపించుకున్న స్కాన్లలో లోపం మొదటినుంచీ ఉంది. చూపే చాలలేదు.

ఈ చిక్కును మన దార్శనికులు ఎప్పుడో గుర్తించారు. భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు పెట్టారు: ఆ వస్తువు ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు, చీకటి గదిలో అనలేం. నిన్నటి స్కాను చాలామందికి చీకటి గదే. రేపటిది కూడా పూర్తిగా వెలుగు కాదు. ఆ 64 శాతం పోగా మిగిలినవి యంత్రానికీ అందలేదు. కొన్నిచోట్ల అది లేని లోపాన్ని కూడా చూపుతుంది. అందుకే డాక్టర్లు దాన్ని ఈఈజీతో, ఫిట్స్ వచ్చే తీరుతో సరిచూసుకుంటారు. జన్యు కారణాలతో వచ్చే కొన్ని మూర్ఛల్లోనైతే ఎమ్మారైలో చూడటానికి మచ్చే ఉండదు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మచ్చ ఫిట్స్ ఎలా వస్తాయో చెబుతుంది, ఈ బిడ్డకే ఎందుకు అన్నది చెప్పదు, ఆ ‘ఎందుకు’కు జవాబు పూర్వకర్మే అంటారు. ఒప్పుకుందాం. కానీ ఒకరి పూర్వకర్మ పక్కింటివారి కంటికి అందదని ఆ సిద్ధాంతమే చెబుతుంది. అందనిదాన్ని చూసినట్టు తీర్పు చెప్పే హక్కు ఎవరికి వచ్చింది? అపస్మారానికి, అంటే మూర్ఛకు, దోషాల ప్రకోపాన్ని కారణంగా చూపి చికిత్స చెప్పిన చరకసంహితే, విమానస్థానమనే భాగంలో దైవంతోపాటు పురుషకారాన్నీ, అంటే మనిషి ప్రయత్నాన్నీ, నిలబెట్టింది. ఆయుష్షు అంతా ముందే నిర్ణయమైపోతే మందుకూ మంత్రానికీ పనేముందని వాదించింది. కర్మను నమ్మేవారికి కూడా చికిత్స మానడానికి అది సాకు కాదు.

నమ్మకాన్ని తీసేస్తే ఆ తల్లికి ఓదార్పు ఏదని మరికొందరంటారు. తీసేయనక్కర్లేదు. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ ముస్లింలూ వెళతారు. అక్కడ దొరికే ధైర్యం నిజమే. మొక్కు మొక్కినవారు మాత్రలు మానకపోతే వైద్యానికి ఏ పేచీ లేదు. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పేచీ ఓదార్పుతో కాదు, నిందతో.

చట్టం ఈ తేడాను గుర్తించింది. 1955 హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో పదేపదే వచ్చే మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా చేరింది. 1999 సవరణ దాన్ని తొలగించింది. ఆ సవరణ ఎవరినీ స్కాన్ తెచ్చి చూపమనలేదు, మచ్చ ఉన్నవారికి ఒక న్యాయం, లేనివారికి ఒకటి అనలేదు. పెళ్లిచూపుల్లోనూ మగ్గం పని ఇచ్చేచోటా మనం పాటించాల్సిన కొలత అదే. యంత్రాలకు చూపు పెరిగేకొద్దీ మరింతమందికి శస్త్రచికిత్స అందుతుంది, అది గొప్ప మేలు. కానీ నిందకు రుజువు చూపాల్సింది నింద వేసినవారే. రోగి ఫిల్ము పట్టుకుని తాను పాపిని కాదని నిరూపించుకోవాల్సిన పని లేదు.